డబ్బా మీద ‘బ్లూటూత్ 5.3’ అని ఉంటే ఏం తెలిసినట్టు?

పక్కపక్కనే రెండు కార్ స్టీరియోలు. ఒక డబ్బా మీద బ్లూటూత్ 4.2 అని ఉంది, రెండోదాని మీద 5.3 అని. చెయ్యి దానంతటదే రెండోదాని వైపు పోతుంది. అంకె పెద్దది కదా! తీరా బిగించుకున్నాక పాట పేరు స్క్రీన్ మీద రాదు. ఫోన్ మాట్లాడితే అవతలివాళ్లు “ఏంటి, బావిలోంచి మాట్లాడుతున్నావా?” అంటారు. ఆ 4.2 సెట్టులో ఈ రెండు బాధలూ ఉండకపోవచ్చు.

ఇందులో మోసం ఉండాలనేం లేదు. 5.3 అన్నది నిజమే కావచ్చు. కాకపోతే ఆ అంకె చెప్పే సంగతి వేరు, మనం తెలుసుకోవాలనుకునే సంగతి వేరు. ఈ రెండూ ఎక్కడ విడిపోతాయో తెలిస్తే స్టీరియోల పోలిక చాలావరకు తేలికైపోతుంది.

బ్లూటూత్ అనేది ఒక్కటి కాదు

అడుగున ఉండేది రేడియో. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 79 సన్నని ఛానెళ్లు ఉంటాయి. ఫోనూ స్టీరియో కలిసి సెకనుకు 1600 సార్లు ఒక ఛానెల్ నుంచి ఇంకో ఛానెల్‌కి గెంతుతూ మాట్లాడుకుంటాయి. వైఫై కూడా అక్కడే తిరుగుతుంది కాబట్టి, ఒకచోట రద్దీగా ఉంటే ఇంకోచోటికి జారుకోవడానికి ఈ గెంతులు. డబ్బా మీది వెర్షన్ అంకె ఎక్కువగా ఈ అడుగు భాగం గురించే చెబుతుంది.

దాని మీద ఉండేవి ప్రొఫైల్స్. ప్రొఫైల్ అంటే ఒక ఒప్పందం అనుకోండి. “పాట పంపాలంటే ఇలా పంపుదాం”, “కాల్ వస్తే ఇలా చెప్పుకుందాం”, “ఫోన్‌బుక్ అడిగితే ఇలా ఇద్దాం” అని ఒక్కో పనికీ విడిగా రాసుకున్న పద్ధతి. ఫోన్‌లోనూ స్టీరియోలోనూ ఒకే ఒప్పందం ఉంటేనే ఆ పని జరుగుతుంది. ఒకదాంట్లో లేకపోతే ఎర్రర్ మెసేజ్ కూడా రాదు, ఆ సదుపాయం అసలు పుట్టనట్టే ఉంటుంది. స్టీరియో కొన్నవాళ్లు తలపట్టుకునేది చాలాసార్లు ఇక్కడే.

5 అనే అంకె వెనక కథ

బ్లూటూత్‌లో రెండు రేడియో పద్ధతులు ఉన్నాయి. మొదటిది పాతది, క్లాసిక్ అంటారు. రెండోది 2010లో 4.0 వెర్షన్‌తో వచ్చిన లో ఎనర్జీ. చేతి వాచీలు, సెన్సర్లు చిన్న బ్యాటరీతో నెలల తరబడి నడవడానికి పుట్టింది అది.

కారులో మనం ఇన్నాళ్లుగా వింటున్న పాటలూ, మాట్లాడే కాల్సూ క్లాసిక్ పద్ధతిలోనే వెళ్తాయి. దాని గరిష్ఠ వేగం సెకనుకు 3 మెగాబిట్లు. ఆ వేగం 2004లో 2.0 వెర్షన్‌తో వచ్చింది, తర్వాత పెరగలేదు. 2016 చివర్లో 5.0 వచ్చినప్పుడు “రెండింతల వేగం, నాలుగింతల దూరం” అని మోగిపోయింది గానీ, ఆ రెండు మెరుగులూ లో ఎనర్జీ వైపువే. డ్యాష్‌బోర్డు నుంచి మీ జేబుకు మీటరు దూరం కూడా ఉండదు. నాలుగింతల దూరంతో అక్కడ ఏం పని?

అలాగని అంకెను పూర్తిగా కొట్టిపారేయడమూ సరికాదు. కొత్త వెర్షన్ ఉందంటే లోపల చిప్ కొత్తదని అర్థం. కొత్త చిప్‌లో రేడియో మెరుగ్గా ఉండొచ్చు, పాత భద్రతా లోపాలు సరిచేసి ఉండొచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. 2020లో వచ్చిన 5.2తో ఎల్‌ఈ ఆడియో అనే కొత్త దారి తెరుచుకుంది. లో ఎనర్జీ మీదే పాటలు పంపే పద్ధతి అది. ఎల్‌సీ3 అనే కోడెక్‌తో, అంటే పాటను కుదించి పంపే సూత్రంతో, తక్కువ డేటాలోనే మంచి నాణ్యత ఇస్తుంది. అయితే 5.2 చిప్ ఉన్నంత మాత్రాన ఎల్‌ఈ ఆడియో ఉన్నట్టు కాదు. అది ఐచ్ఛికం, ఫోన్‌లోనూ ఉండాలి, స్టీరియోలోనూ ఉండాలి. కాబట్టి డబ్బా మీద 5.3 అని మాత్రమే ఉండి ఎల్‌ఈ ఆడియో అన్న మాట ఎక్కడా లేకపోతే, అది లేదనుకోవడమే క్షేమం.

అసలు పని చేసే ఒప్పందాలు

స్టీరియో స్పెసిఫికేషన్ల పట్టికలో చివరెక్కడో చిన్న అక్షరాల్లో కొన్ని పొడి పేర్లు ఉంటాయి. చదవకుండా దాటేసేది వాటినే, చదవాల్సిందీ వాటినే.

ఏ2డీపీ అంటే పాటను ఎడమ, కుడి శబ్దాలు వేరుగా ఉండేలా పంపే ఒప్పందం. ఇప్పుడు దొరికే బ్లూటూత్ సెట్లలో దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది. హెచ్‌ఎఫ్‌పీ అంటే చేతులు వాడకుండా కాల్ మాట్లాడేది. ఫోన్‌లో సిగ్నల్ ఎన్ని గీతలుందో, బ్యాటరీ ఎంత ఉందో స్టీరియో స్క్రీన్ మీద కనిపించేది కూడా దీని పుణ్యమే. పీబ్యాప్ అంటే కాంటాక్టులూ కాల్ చరిత్రా తెచ్చుకునేది. ఇది లేకపోతే కాల్ వచ్చినప్పుడు పేరు బదులు పది అంకెలు కనిపించవచ్చు. ఉన్నా, జత కలిపేటప్పుడు ఫోన్ అడిగే “కాంటాక్టులు ఇవ్వనా?” అన్న ప్రశ్నకు కంగారులో వద్దు అని నొక్కితే ఫలితం అదే. స్టీరియో చెడిపోయిందనుకున్న సందర్భాల్లో కొన్ని ఇలా తేలతాయి. ఎస్సెమ్మెస్‌లు చదివి వినిపించేదాన్ని మ్యాప్ అంటారు, దారి చూపే మ్యాప్‌కీ దీనికీ సంబంధం లేదు.

కాస్త ఎక్కువ సేపు ఆగాల్సింది ఏవీఆర్‌సీపీ దగ్గర. ఇది రిమోట్ లాంటిది. దీని వెర్షన్‌ను బట్టి అనుభవం చాలా మారిపోతుంది. 1.0 అయితే ప్లే, పాజ్, తర్వాతి పాట, అంతే. 1.3తో పాట పేరు, గాయకుడి పేరు స్క్రీన్ మీదికి వస్తాయి. 1.4తో ఫోన్‌లోని ప్లేలిస్టులను స్టీరియో స్క్రీన్ మీదే వెతుక్కోవచ్చు, వాల్యూమ్ కూడా కలుస్తుంది. ఆల్బమ్ బొమ్మ రావాలంటే 1.6 కావాలి. ఇవి కూడా రెండువైపులా ఉంటేనే. పైగా ప్లేలిస్టు వెతుక్కునే సదుపాయం ఫోన్‌లోని పాటల యాప్ మీద కూడా ఆధారపడుతుంది.

వాల్యూమ్ కలవడం అంటే చిన్న విషయంలా ఉంటుంది. అది లేని సెట్టులో రెండు నాబ్‌లు ఉన్నట్టు లెక్క, ఫోన్‌ది ఒకటి, స్టీరియోది ఒకటి. ఫోన్‌లో వాల్యూమ్ పావు వంతే ఉండి స్టీరియోలో పూర్తిగా పెంచితే పాటతోపాటు ‘స్స్’ అనే హోరు కూడా పెరుగుతుంది. అదే బండిలో అదే పాట, ఫోన్ నిండుగా పెట్టి స్టీరియో తగ్గిస్తే శుభ్రంగా వినిపిస్తుంది. “బ్లూటూత్ క్వాలిటీ బాలేదు” అన్న ఫిర్యాదుల్లో కొన్నిటి వెనక కోడెక్ కాదు, ఈ రెండు నాబ్‌ల తగాదా ఉంటుంది.

తెలుగు వాళ్లకు ఇక్కడ ఇంకో మెలిక. ఏవీఆర్‌సీపీ పాట పేరును తెలుగు లిపిలో కూడా మోసుకురాగలదు. కానీ స్టీరియోలో తెలుగు ఫాంట్ లేకపోతే తెర మీద వరసగా ఖాళీ గళ్లు కనిపిస్తాయి. కొన్నిట్లో ఫాంట్ ఉంటుంది గానీ ఒత్తులు పేర్చడం రాదు, ‘అమ్మ’ అని దాచుకున్న నంబరు నుంచి కాల్ వస్తే ‘అమ్‌మ’ అని చూపిస్తుంది. ఇది బ్లూటూత్ తప్పు కాదు. ఏ స్పెసిఫికేషన్ పట్టికలో వెతికినా సులువుగా దొరికే సంగతీ కాదు. తెలుగులో పేరున్న ఒక పాట పెట్టి చూస్తే క్షణంలో తేలిపోతుంది.

కాల్ నాణ్యత: ‘సీల్’ ఎక్కడ ‘ఫీల్’ అవుతుంది

పాటకూ కాల్‌కూ దారులు వేరు. కాల్ రాగానే ఏ2డీపీ ఆగి హెచ్‌ఎఫ్‌పీ మొదలవుతుంది. అందుకే పాటలు బ్రహ్మాండంగా వినిపించే సెట్టులో కాల్ డొల్లగా ఉండటంలో వింతేమీ లేదు.

హెచ్‌ఎఫ్‌పీలో పాత పద్ధతి గొంతును సెకనుకు 8 వేల సార్లు కొలుస్తుంది. ఇలా కొలిచినప్పుడు అందులో సగం, అంటే 4 వేల హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దాలే దక్కుతాయి. మన మాటలో అచ్చుల బలమంతా దానికి కిందే ఉంటుంది కాబట్టి మాట అర్థమవుతుంది. కానీ ‘స’, ‘ఫ’ లాంటి గాలి శబ్దాలను వేరుచేసే సన్నని భాగం చాలావరకు 4 వేలకు పైన ఉంటుంది. అది తెగిపోయాక “సీల్ వేశారా?” అంటే “ఫీల్ అయ్యారా?” అన్నట్టు వినపడినా ఆశ్చర్యం లేదు. 2011లో వచ్చిన హెచ్‌ఎఫ్‌పీ 1.6తో సెకనుకు 16 వేల కొలతల పద్ధతి చేరింది. వైడ్‌బ్యాండ్ అనో, హెచ్‌డీ వాయిస్ అనో రాస్తారు. అప్పుడు 8 వేల హెర్ట్జ్‌కు దగ్గర దాకా అందుతుంది. తేడా చెవికి తెలుస్తుంది. ఫోన్, స్టీరియో, కాల్ నడిచే నెట్‌వర్క్, మూడూ దానికి సిద్ధంగా ఉంటేనే సుమా.

ఇక మైకు. నా మటుకు నాకు, కాల్స్ ఎక్కువ మాట్లాడేవాళ్ల విషయంలో పాటల కోడెక్ కన్నా ఇదే ముందు చూడదగ్గది. కొన్ని సెట్లలో మైకు ముందు పలకలోనే చిన్న రంధ్రంలా ఉంటుంది. డ్యాష్‌బోర్డు మధ్యలో, ఏసీ గాలి దారి పక్కన, నోటికి రెండడుగుల దూరంలో. కొన్నిటికి విడిగా వైరున్న మైకు ఇస్తారు, దాన్ని అద్దం పక్క స్తంభం మీదో స్టీరింగ్ పైనో పెట్టుకోవచ్చు. ఒకే చిప్ ఉన్న రెండు సెట్లలో ‘బావిలోంచి మాట్లాడే’ తేడా తరచూ ఇక్కడే పుడుతుంది.

మరో గుర్తు. అవతలివాళ్లకు వాళ్ల గొంతే మళ్లీ వినిపిస్తోందంటే, మీ కారు స్పీకర్లోంచి వచ్చిన వాళ్ల మాటను మీ మైకు పట్టుకుని తిరిగి పంపుతోందని. దాన్ని చెరిపే పనిని ఎకో క్యాన్సిలేషన్ అంటారు. కారులో ఆ పని సాధారణంగా స్టీరియోదే. ఫోన్ మార్చినా పోని ఎకో అయితే వేలు స్టీరియో వైపే చూపిస్తుంది.

కోడెక్‌ల గొడవ, ఒక లెక్కతో

సీడీ నాణ్యత పాట అంటే సెకనుకు 44,100 కొలతలు, ఒక్కో కొలతకు 16 బిట్లు, ఎడమ కుడి రెండు ఛానెళ్లు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు, అంటే సుమారు 1411 కిలోబిట్లు. క్లాసిక్ బ్లూటూత్ వేగం కాగితం మీద 3 మెగాబిట్లైనా, గెంతులూ తప్పుల దిద్దుబాట్లూ పోను నమ్మకంగా మిగిలేది చాలా తక్కువ. అందుకే పాటను కుదించి పంపాలి. కుదించి, మళ్లీ విప్పే సూత్రమే కోడెక్.

ఎస్‌బీసీ అనే కోడెక్, ఏ2డీపీ ఉన్న ప్రతి పరికరంలో తప్పనిసరి. ఎక్కువ నాణ్యత అమరికలో అది సుమారు 328 కిలోబిట్లు వాడుతుంది, అసలు పాటలో నాలుగో వంతు కన్నా కాస్త తక్కువ. ఆప్ట్‌ఎక్స్ 352, ఆప్ట్‌ఎక్స్ హెచ్‌డీ 576. సోనీ తయారుచేసిన ఎల్‌డ్యాక్ సిగ్నల్‌ను బట్టి 330, 660, 990 మధ్య మారుతుంటుంది. ఆండ్రాయిడ్‌లో 8వ వెర్షన్ నుంచి ఎల్‌డ్యాక్ భాగమైంది. ఐఫోన్ ఎస్‌బీసీ, ఏఏసీ ఈ రెండే పంపుతుంది.

ఇప్పుడు ఒక జత తీసుకుందాం. స్టీరియో మీద ఎల్‌డ్యాక్ ముద్ర ఉంది, చేతిలో ఐఫోన్ ఉంది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏఏసీ అయితే పాట అందులోనే వెళ్తుంది, ఏఏసీ కూడా లేకపోతే ఎస్‌బీసీలో. ఎల్‌డ్యాక్ కోసం పెట్టిన డబ్బు ఆ ముద్రలోనే ఉండిపోతుంది. అదే సెట్టుకు ఎల్‌డ్యాక్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ కలిపితే కథ వేరు.

ఉమ్మడి కోడెక్ ఉన్నా తేడా వినపడుతుందా అన్నది ఇంకో వాదన. వినపడుతుందనేవాళ్ల మాట ఇది: మంచి స్పీకర్లు, విడి యాంప్లిఫయర్ పెట్టుకుని, నిలిపిన బండిలో విన్నప్పుడు తాళాల చివరి మెరుపు, గొంతు చుట్టూ గాలి ఎస్‌బీసీలో మొద్దుబారతాయి. కాదనేవాళ్ల మాట: బండి వేగం పుంజుకున్నాక టైర్ల హోరు, గాలి, ఏసీ కలిసి ఆ సన్నని తేడాలనే ముందు కప్పేస్తాయి. నాకు ఇద్దరూ నిజమే చెబుతున్నారనిపిస్తుంది, వింటున్న చోట్లు వేరు. కంపెనీ ఇచ్చిన స్పీకర్లే ఉంచుకుని రోజూ ట్రాఫిక్‌లో తిరిగేవారికి రెండో మాటే ఎక్కువ వర్తిస్తుంది. అంత నాణ్యత కావాల్సినవాళ్లకు యూఎస్‌బీ కేబుల్ ఎలాగూ ఉంది. బ్లూటూత్ కోడెక్ ఊసే లేకుండా పాట లోపలికి వెళ్తుంది.

ఒక బండి, రెండు ఫోన్లు

“డ్యూయల్ ఫోన్” అన్న మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. భార్యాభర్తలు ఒకే కారులో వెళ్తున్నారనుకోండి. ఆయన నడుపుతున్నారు, ఆవిడ ఫోన్‌లో పాటలు మోగుతున్నాయి.

మొదటి రకం సెట్టు రెండు ఫోన్లనూ గుర్తుపెట్టుకుంటుంది, కానీ ఒకేసారి ఒకదానితోనే కలుస్తుంది. ఆవిడ ఫోన్ కలిసి ఉండగా ఆయనకు కాల్ వస్తే అది జేబులోనే మోగుతుంది. రెండో రకం, ఒక ఫోన్ నుంచి పాటలు, ఇంకోదాని నుంచి కాల్స్ తీసుకుంటుంది. ఆయన కాల్ స్పీకర్లలో వస్తుంది, ఆవిడకు వచ్చే కాల్ మాత్రం రాదు. మూడో రకంలో రెండు ఫోన్లూ కాల్స్‌కు ఎప్పుడూ కలిసే ఉంటాయి, ఎవరికి వచ్చినా స్టీరియో చెబుతుంది. డబ్బా మీద ఈ మూడింటికీ దాదాపు ఒకే మాట రాస్తారు. “రెండు ఫోన్లూ ఏకకాలంలో, కాల్స్‌కు కూడా” అన్న వివరం యూజర్ మాన్యువల్‌లో దొరుకుతుంది, ప్రకటనలో దొరకదు.

ఒకే ఫోన్‌లో రెండు సిమ్‌లు ఉన్నవాళ్లకు చిన్న గమనిక. ఏ సిమ్ నుంచి కాల్ చెయ్యాలో ఎంచుకునే వీలు హెచ్‌ఎఫ్‌పీలో లేదు. “ప్రతిసారీ అడుగు” అని పెట్టుకుంటే స్టీరియోలో డయల్ చేసినా ప్రశ్న ఫోన్ తెర మీదికే వస్తుంది.

దారి చెప్పే గొంతు మాయమవడం

స్టీరియోలో ఎఫ్‌ఎం రేడియో పెట్టుకుని, ఫోన్‌లో మ్యాప్స్ ఆన్ చేసి బయల్దేరితే మలుపు వచ్చినా గొంతు వినపడదు. మ్యాప్ ఆ మాటను ఏ2డీపీలో, అంటే పాటలు వెళ్లే దారిలోనే పంపింది. స్టీరియో ఆ సమయంలో రేడియో వింటోంది. ఫోన్ దృష్టిలో మాట చెప్పేసింది, వినేవాళ్లు లేరు.

కొన్ని మ్యాప్ యాప్‌లు దీనికి ఒక దొంగదారి కనిపెట్టాయి. మలుపు వచ్చినప్పుడు కాల్ వచ్చినట్టు నటించి హెచ్‌ఎఫ్‌పీలో మాట పంపుతాయి. కాల్ అనగానే స్టీరియో రేడియోను ఆపి వినిపిస్తుంది. పని జరుగుతుంది గానీ, ప్రతి మలుపుకూ రేడియో తెగిపోవడం కొందరికి చిరాకు.

వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉంటే

పెద్ద తెర సెట్లు కొనేవారికి పై లెక్కల్లో సగం మారిపోతాయి. ఫోన్‌లోని యాప్‌లను స్టీరియో తెర మీద చూపించే వైర్‌లెస్ కార్‌ప్లేలోనూ (ఐఫోన్‌కు) ఆండ్రాయిడ్ ఆటోలోనూ (ఆండ్రాయిడ్ ఫోన్‌కు) బ్లూటూత్ పని మొదట పలకరించడం, వైఫై వివరాలు ఇచ్చుకోవడం. ఆ తర్వాత తెర మీది బొమ్మా పాటలూ వైఫై మీద నడుస్తాయి. అంటే రోజంతా అందులోనే పాటలు వినేవారికి ఎల్‌డ్యాక్, ఆప్ట్‌ఎక్స్ ముద్రలతో పనే పడదు. మలుపు చెప్పే గొంతు సమస్యా ఉండదు.

కాల్స్ దగ్గర మాత్రం రెండూ విడిపోతాయి. కార్‌ప్లే కాల్‌ను కూడా తన దారిలోనే తీసుకెళ్తుంది. ఆండ్రాయిడ్ ఆటో అయితే, కేబుల్ గుచ్చినా సరే, కాల్ శబ్దాన్ని బ్లూటూత్ హెచ్‌ఎఫ్‌పీకే వదిలేస్తుంది. కేబుల్ పెట్టినా బ్లూటూత్ ఎందుకు ఆన్ చెయ్యమంటోందని విసుక్కునేవాళ్లకు జవాబు ఇదే. ఆ సెట్టులో హెచ్‌ఎఫ్‌పీ పాతదైతే పైన అంత పెద్ద తెర ఉన్నా కాల్ డొల్లగానే ఉంటుంది.

ప్రతిసారీ మర్చిపోయే స్టీరియో

ఫోన్‌ను రోజూ కొత్తగా జత కలపాల్సి వస్తే తప్పు బ్లూటూత్‌లో ఉండాలనే ఏముంది? నాకు ఒకసారి ఇదే జరిగింది. కొత్త సెట్టు, మంచి స్పెసిఫికేషన్లు, రాత్రి కలిపిన ఫోన్ పొద్దున్నకు దానికి గుర్తు లేదు. వారం రోజులు ఫోన్ సెట్టింగులు తిరగేశాను, ఫోన్‌ను ఒకసారి రీసెట్ కూడా చేశాను. అప్పుడు కంటపడింది, గడియారం కూడా ప్రతి పొద్దున్నా పన్నెండు దగ్గరే ఉంటోందని.

స్టీరియో వెనక రెండు కరెంటు వైర్లు ఉంటాయి. పసుపుది బ్యాటరీ నుంచి ఎప్పుడూ 12 వోల్టులు తెస్తుంది, సెట్టు జ్ఞాపకం దాని మీద బతుకుతుంది. ఎర్రది తాళం తిప్పినప్పుడే వస్తుంది, సెట్టును లేపడం దాని పని. కొన్ని కార్లలో కంపెనీ కనెక్టర్‌లో ఈ రెండింటి చోట్లు తారుమారుగా ఉంటాయి. రంగు చూసి కలిపేస్తే జ్ఞాపకానికి తాళంతోపాటే కరెంటు పోతుంది, చాలా సెట్లలో స్టేషన్లూ సమయమూ జత కలిపిన ఫోన్లూ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. బిగించినతను రెండు వైర్లూ విప్పి మార్చి కలపడానికి పట్టింది పది నిమిషాలు. మర్నాడు తాళం తిప్పగానే నేను జేబులోంచి ఫోన్ తియ్యకముందే తెర మీద దాని పేరు పడింది.